దానమ్మ కట్టిన తొమ్మిది పీలికలు

ముందుగా ఒక మాట. నాకు యాభై రెండేళ్లు వచ్చాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. ఇది నా సంగతే. కానీ ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు, ‘భాగ్యవతి’ అని రాస్తే సాగింది. మావారి పేరు ఆయన బతికినన్నాళ్లూ నోటితో అనలేదు. కాగితం మీద మాత్రం తప్పలేదు.

గంటస్తంభం గంట అయిదు కొట్టింది. విజయనగరం చాకలి వీధిలో, తమ ఇంటి చాకలి దానమ్మ తన తమ్ముడి చేత ఖాళీ చేయించి ఇచ్చిన ఒంటిగదిలో, చాప మీద ఒత్తిగిలి పడుకున్న భాగ్యవతి ఆ అయిదు దెబ్బలూ విన్నది గానీ కూతురి వీపు మీద పెట్టిన అరచెయ్యి మాత్రం తియ్యలేదు. నీలవేణికి తొమ్మిదేళ్లు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది, ఇంకా సాఫీగానే ఉంది. ఇక గంటసేపు. ఈ ఒక్క గంట గడిస్తే చాలు. ఊరి నడుమ మూడు లాంతర్ల కూడలి దగ్గర ఈపాటికి బొగ్గు బస్సులు రాజేస్తూ ఉంటారు, ఆరింటికి సాలూరు బస్సు కదులుతుంది, రెండేళ్లుగా ఆ అయిదుకీ ఆరుకీ మధ్యనే పిల్లకి ఉబ్బసం తగులుకునేది, ఒక్కరోజు తప్పకుండా, పాలమనిషి వచ్చినంత వేళ ప్రకారం. ఇవాళ కూడా తగులుకుంటే ఎల్లుండి పొద్దుటి రైలుకి కోటబొమ్మాళి, మేనమామ జగన్నాధం ఇంటికి. పెద్దదయ్యేదాకా అక్కడే. నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర భర్త నగరేశ్వరరావు ఆ మాట కంచంలోంచి తల ఎత్తకుండా చెప్పాడు. తల ఎత్తితే ఏడుస్తాడని భాగ్యవతికి తెలుసు, అందుకే తనూ ఎదురు చెప్పకుండా మజ్జిగ పోసింది. తను కూడా వెళ్తే ఇక్కడ పదకొండు మంది ఉన్న ఇల్లు ఎవరు చూస్తారు? పిల్లని పంపి తను ఉండిపోతే ఈ అరచెయ్యి ఎక్కడ పెట్టుకుంటుంది?

గోడలకి కొత్తగా వేసిన సున్నం వాసన. పైన పెంకుల సందుల్లో ఇంకా చీకటి. చలి మాత్రం మార్గశిరం చలి. మంచు దిగిన రోజే ఎక్కువ ప్రమాదమని దానమ్మ చెప్పింది, మంచు కింద పొగ పైకి లేవదట, తడి దుప్పటి కింద దూరిన పిల్లిలా అక్కడక్కడే తిరుగుతుందట. ఈ మాటలన్నీ దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. పుట్టిన దగ్గరనుంచీ ఊరి బట్టలు ఉతుకుతూ నేర్చుకుంది. దూరంగా గిర్రుమని చప్పుడు, లీలగా, వచ్చీ రానట్టు. బస్సు వెనక బానలాంటి ఇనపపీపా ఉంటుంది, అందులో బొగ్గులు నింపి కింద నిప్పు పెట్టి, చేతిపిడి పట్టుకుని తిప్పితే గాలి కొట్టి రాజుకుంటుంది, ఆ పిడి చప్పుడు అది. తమ ఇంట్లో ఆ చప్పుడు చెవిలోనే తిరిగేది. యుద్ధం వచ్చి పెట్రోలు మిలటరీకి పోయాక మొదటి బొగ్గు బస్సు వీధిలో ఆగిన రోజున అందరూ బయటికొచ్చి చూశారు, నీలవేణి అయితే సంబరపడి చప్పట్లు కొట్టింది, నిప్పురవ్వలు పూల చెట్టులా లేచాయని వారం రోజులు అదే చెప్పింది. ఇంట్లో స్తంభాన్ని పట్టుకుని చెయ్యి గుండ్రంగా తిప్పుతూ బస్సాట ఆడేది. ఆడుతూ ఆడుతూ ఒకనాడు కూర్చుండిపోయింది. భుజాలు పైకి లేచాయి, గొంతు దగ్గర గుంట పడింది, లోపల ఎవరో సన్నాయి తప్పుగా ఊదుతున్నట్టు చప్పుడు.

ఇప్పుడా చప్పుడు లేదు. ఇంకా లేదు. భాగ్యవతి చెయ్యి కొంచెం పైకి జరిపింది. తమ వీధిలో రెండు పక్కలా మేడలే, తాతల నాటి మేడలు, కింద కొట్లు పైన కాపురాలు, పొగ ఈ చివర దూరితే ఆ చివర మలుపులో గోడ, ఇక ఎక్కడికి పోతుంది? అత్తగారు అప్పలనరసమ్మ ఎన్ని చేసింది పాపం. తమలపాకు ఆముదంలో వెచ్చచేసి గుండెల మీద వేసింది, అడ్డసరపాకు రసం తేనెతో పట్టింది, అన్నిటికీ మించి పొద్దున్నే సాంబ్రాణి. పిల్ల దగ్గుతుంటే తలుపులన్నీ మూయించి, నిప్పుల మీద సాంబ్రాణి పిడికెడు చల్లి, ఆ పొగ పిల్ల ముఖానికి తగిలేలా విసిరేది. దిష్టి పోతుందని, గాలి శుద్ధి అవుతుందని. భాగ్యవతి తనే నిప్పులు తెచ్చి ఇచ్చేది. ఈ చేతులతోనే. పొగలో ఉన్న పిల్లకి ఇంకాస్త పొగ! ఎంత పిచ్చిపని. ఎంత ప్రేమగా చేశారు ఆ పిచ్చిపని. అది ఆపించింది కూడా దానమ్మే, మంగళవారం మాసిన బట్టలకి పెరట్లోకి వచ్చి, తలుపు సందుల్లోంచి వస్తున్న సాంబ్రాణి చూసి, మూట దించకుండానే అన్నది, “ఏటమ్మా సావుకారమ్మా, పిల్లని ఉబ్బకేసినారా ఏటి? మా బానలో గుడ్డకి కూడా ఊపిరాడతాది గదా!” అని. లోపలినుంచి అప్పలనరసమ్మ, “ఒసే దానమ్మా, బట్టలు తీసుకుని పో, వైద్యం నీకెందుకూ,” అన్నది. దానమ్మ నవ్వింది. దానికి పైపళ్లు రెండు లేవు, నవ్వితే ముఖమంతా నవ్వే. “నాకెందుకు పెద్దమ్మగోరూ. మీ ఈది గుడ్డలు రెండు తూర్లు ఉబ్బెయ్యాల, అందుకడిగినాను.”

రెండు తూర్లు. సౌడుమట్టి నీళ్లలో ముంచిన బట్టలకి బానలో ఆవిరి పట్టడమే ఉబ్బ, అది రెండుసార్లట. ఆ మాట భాగ్యవతి మనసులో దిగబడిపోయింది. నూతి దగ్గర బట్టలు వేస్తూ అడిగింది, మా వీధివే ఎందుకు రెండుసార్లు అని. అప్పుడు చూడాలి దానమ్మని! మూట విప్పి, నగరేశ్వరరావు చొక్కా ఒకటీ, ఎవరిదో వకీలుగారి చొక్కా ఒకటీ తీసి పక్కపక్కన రాతి మీద పరిచి, మెడపట్టీలు తిప్పి చూపించింది. “సూడు. ఈయన మూడు రోజులు తొడిగినాడు, ఆయన మూడు రోజులే తొడిగినాడు. మీది బొగ్గు, ఆయనది మట్టి. మట్టి నీళ్లకి పోతాది. బొగ్గు సౌడుకీ పోదు. మీ ఎదరింటోళ్లది ఇంకా నలుపు. ఎందుకో సెప్పనా? బస్సు గొట్టం ఆళ్ల యేపుంటాది. మీ మేడ మీద ఆరేసిన గుడ్డ బాగుంటాది, కింద ఆరేసింది మాసిపోతాది.” చెప్పుకుంటూ పోయింది. ఏ వీధి బట్టలకి జిడ్డుమసి, ఏ వీధికి పొడిమసి, మిలటరీ లారీలు పోయే రోడ్డు బట్టలకి ఎర్రదుమ్ము, కోట వెనక వీధులకి దాదాపు ఏమీ లేదు. పేర్లతో కాదు, బట్టల మీద నల్లజీడి రసంతో అది వేసుకున్న గుర్తులతో, చుక్కల వీధి, కాకికాలు వీధి, రెండుగీతల వీధి. భాగ్యవతి ఆ ఊళ్లోనే పదహారేళ్లుగా కాపురం చేస్తోంది, ఆమెకి ఊరంటే ఇల్లూ కోవెలా. దానమ్మ బుర్రలో ఊరంతా ఉంది, వీధి వీధికీ దాని గాలి ఎంత మురికో సహా. ఒక మనిషి ఇంత తెలిసి ఉండి తలమీద మూట పెట్టుకుని మామూలుగా నడిచి వెళ్లిపోవచ్చా అని ఆశ్చర్యపోయింది, వెళ్తున్న వీపుకేసి చాలాసేపు చూసింది.

కానీ ఇంట్లో ఎవరైనా విన్నారా? వినలేదు. చాకలి మాట మీద ఇల్లు మారతామా అన్నాడు నగరేశ్వరరావు. పిల్లకి మంచి గాలి కావాలని డాక్టరు అన్నాడు కాబట్టి మంచి గాలి చూశాడు. కంటోన్మెంటు వైపు దొరల బంగళాల పక్కన, పెద్ద పెద్ద చెట్ల కింద రెండు గదులు. పచ్చదనం చూసి ముచ్చటపడ్డారు అందరూ, అప్పలనరసమ్మ కూడా జట్కా దిగి చుట్టూ చూసి, “ఇదీ గాలంటే,” అన్నది. ఒక్క దానమ్మ మాత్రం, “వద్దమ్మా, ఆ బంగళాల బట్టలు నా ఆడబిడ్డ ఉతుకుతాది, ఆ తెల్లకోట్లకి ఎంత సౌడేస్తాదో నాకెరక,” అన్నది. అసూయనుకున్నారు. మూడు రోజులున్నారక్కడ. సరిగ్గా గేటు ముందు రోడ్డు మిట్ట ఎక్కుతుంది. బొగ్గు బస్సుకి దమ్ము చాలక అక్కడ ఆగిపోతుంది, జనం దిగి తోస్తారు, క్లీనరు కడ్డీతో నిప్పు కెలికి ఇంకో బుట్టెడు బొగ్గు పోస్తాడు. లేచిన పొగని ఆ చెట్ల కొమ్మలు పైకి పోనివ్వవు, గొడుగు కింద పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. మూడోనాడు పొద్దున్న నీలవేణి పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఆ రంగు... వద్దు, ఇప్పుడు అది తలుచుకోకూడదు. చెయ్యి కింద వీపు కదిలింది. పిల్ల పక్కకి తిరిగి పడుకుంది, అంతే. ఊపిరి లోపలికి. బయటికి. పక్కకి తిరిగేటప్పుడు కూడా దగ్గలేదు. ఎంతయి ఉంటుంది? అయిదున్నరకి గంటస్తంభం ఏమీ చెప్పదు, గంటగంటకే కొడుతుంది, మధ్యలో మనిషి ఎలా ఉంటాడో దానికి పట్టదు.

ఆ తొమ్మిది పీలికలు. బంగళా నుంచి తిరిగి వచ్చిన వారానికి కదూ. దానమ్మ ఒక పాత పంచె చింపి తొమ్మిది పీలికలు చేసి, అన్నీ ఒకే బానలో ఉబ్బవేసి, ఒకే గంజి పెట్టి, ఒక్కోదానికి ఒక్కో జీడి గుర్తు వేసి, తను ఎరిగిన తొమ్మిది వీధుల్లో తొమ్మిది ఇళ్ల గుమ్మాల పక్కన కట్టింది. “అన్నీ ఒకటే ఎత్తున కట్టినాను, పిల్ల ముక్కెంతెత్తుంటాదో అంతెత్తున,” అన్నది తర్వాత. పిల్ల ముక్కంత ఎత్తున! ఆ మాట తలుచుకుంటే భాగ్యవతికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఏ డాక్టరుకి తట్టింది ఆ సంగతి? నాలుగో రోజున తీసుకొచ్చి వెనక వరండాలో పరిచింది. ఒక చివర వీళ్ల వీధి పీలిక, మసిగుడ్డకీ దానికీ తేడా లేదు. దాని పక్కనే బంగళాలది. అప్పలనరసమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది, తర్వాత మోకాళ్లు పట్టుకుంటూ కిందికి వంగింది, తర్వాత కూర్చుంది. నలుపు, బూడిద, గోధుమ, తెలుపు, ఒక్కొక్కటీ వేలితో రాసి వేలు చూసుకుంటూ వెళ్లి, ఆఖరి పీలిక దగ్గర ఆగింది. వేలికి ఏమీ అంటలేదు. మళ్లీ రాసింది. “ఇదెక్కడిదే?” దానమ్మ తల వంచుకుంది. “అడుగుతన్నాను గదా, ఇది ఏ వీధిదే? పిల్లని రేపే తీసుకుపోదాం, సెప్పు.” “మా ఈది పెద్దమ్మగోరూ. నేనెలా సెప్పను?” అన్నది దానమ్మ.

అప్పలనరసమ్మ ముఖం చూడలేక భాగ్యవతి నూతివైపు చూసింది. చాకలి ఇంటిపక్క గదిలో కోమటింటి పిల్ల పడుకుంటుందా, నలుగురూ ఏమంటారు, పేటలో ఎంత మాట పడాలి, ఇవన్నీ ఆ ముసలామె తలలో తిరగడం చూస్తూనే తెలుస్తోంది. దానమ్మ అది కనిపెట్టి చటుక్కున, “గోడలకి సున్నం ఏయిస్తాను. నీళ్లు మీ నూతివే తెచ్చుకోండి, వంట మీ ఇంటినుంచే తెచ్చుకోండి. గాలి మాత్రం మాది. దానికి మైల నేదు గదమ్మా,” అన్నది. అప్పలనరసమ్మ ఆ పీలికని చేతిలోకి తీసుకుని ఇంకోసారి వేలితో రాసి చూసింది. చివరికి, “ఆ మేనమామ ఇంట్లో కన్నా ఇక్కడైతే నా కళ్లముందుంటాది,” అని, లేవబోయి లేవలేక, దానమ్మకేసి చెయ్యి చాపింది. దానమ్మ బెదిరిపోయి భాగ్యవతిని చూసింది. “సూస్తావేటే, లేవదియ్యి,” అన్నది అప్పలనరసమ్మ. కొడుకుని ఒప్పించింది కూడా ఆవిడే. ఒప్పుకున్నాడు గానీ ఒకే ఒక్క పొద్దు అన్నాడు. ఇంకొకసారి ఆ పెదవుల రంగు నేను చూడలేను, ఒక్క పొద్దు చూసి, మళ్లీ ఆయాసం వస్తే రైలే అన్నాడు. అదీ న్యాయమే. అతని గుండె మాత్రం ఎంతని ఓర్చుకుంటుంది.

నిన్న సాయంత్రం నడిపించి తీసుకొచ్చింది దానమ్మ. జట్కా వద్దంది, జట్కా పెద్ద రోడ్డునే పోతుంది కాబట్టి. తను ముందు, నీలవేణి వెనక, ఆ వెనక భాగ్యవతి. పదహారేళ్లలో ఎన్నడూ చూడని సందులు. “ఇక్కడ బాగా పీల్చుకోవే బంగారూ, మంచి గాలి.” “ఇదిగో ఈ మూల తిరగ్గానే ముక్కు మూసుకో, ముప్పయి అడుగులు, పాలకొండ బస్సు ఇక్కడ బూడిద దులుపుతాది.” “రోడ్డుకి ఈ పక్కన కాదు, ఆ పక్కన నడు. సాయంత్రం గాలి ఇటునుంచటు పోతాది.” నీలవేణికి అది ఆటైపోయింది. ముక్కు మూసుకుని అడుగులు లెక్కపెట్టడం, వదిలి పకపకా నవ్వడం. “దానమ్మా, ఇప్పుడో?” “ఇప్పుడొద్దు, ఇంకా రెండిళ్లు.” “నీకెలా తెలుసే?” “నా ముక్కు కన్నా నా సేతులకి ఎక్కువ తెలుసమ్మా.” ఎక్కడో ఒక కొట్టు ముందు నలుగురు మగాళ్లు చూసి, సావుకారి కోడలు చాకలిదాని వెంట పోతోందేమిటని గుసగుసలాడుకున్నారు. భాగ్యవతి తనకి సిగ్గేస్తుందేమో అనుకుంది, వెయ్యలేదు. మహారాణీగారి వెంట నడుస్తున్నట్టే ఉంది. ఊరి మొత్తం తెలిసిన మనిషి వెనక, ఒక్కొక్క అడుగూ కొలిచి వేసే మనిషి వెనక నడవడం ఎంత నిశ్చింత.

పొగ.

భాగ్యవతి లేచి కూర్చుంది. అవును, బొగ్గు పొగ, సన్నగా, తలుపు కిందినుంచి. పిల్ల ఊపిరిలో చిన్న గరగర. ఒకటి. మళ్లీ. ఎల్లుండి రైలు, స్టేషను, కిటికీలో పిల్ల ముఖం, అన్నీ ఒక్కసారి కళ్లముందు నిలబడ్డాయి. లేచి తలుపు తీసింది. మసక వెలుతురులో, నాలుగిళ్ల అవతల, దానమ్మ కొడుకు దాలయ్య ఇస్త్రీపెట్టెకి కుంపటి రాజేసుకుంటున్నాడు, ఎనిమిదింటికి కచేరీ ఉద్యోగుల బట్టలు ఇవ్వాలి మరి, రోజూ చేసే పనే. పిలవాలో లేదో తెలియక భాగ్యవతి గుమ్మంలో నిలబడిపోయింది. వాళ్ల వీధి, వాళ్ల పని, తను ఎవరు వద్దనడానికి? అప్పటికే ఎదటి అరుగు మీంచి దానమ్మ లేచింది. కంబళి కప్పుకుని రాత్రంతా అక్కడే కూర్చున్నట్టుంది. “ఒరే దాలిగా! నీకు బుద్ది నేదేట్రా? నిన్న నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పినాను గదా! రేవుకాడికి పట్టుకుపోరా అది!” “అమ్మా, అక్కడికెళ్లి రాజేసి ఇక్కడికి తెచ్చేసరికి సల్లారిపోతాదే.” “అక్కడే ఇస్త్రీ సెయ్యి. బల్ల నేను మోసుకొస్తాను.” దాలయ్య గొణుక్కుంటూ కుంపటి చెవులు గుడ్డతో పట్టుకుని ఎత్తాడు. వెనకాల, అరవై దాటిన దానమ్మ ఇస్త్రీబల్ల నెత్తిన పెట్టుకుని నడిచింది. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి భాగ్యవతి తలుపు వేసింది. అప్పుడు గమనించింది, వీధిలో ఏ ఇంటి పొయ్యీ వెలగలేదు. పన్నెండు ఇళ్లు. చలికి పిల్లలు ముణుక్కుంటున్నారు, ఎవరో అంబలి చల్లగానే తాగమని కసురుతున్నారు, ఒక్క చూరులోంచీ పొగ లేదు. దానమ్మ ఈ సంగతి తనకి చెప్పనే లేదు.

తిరిగి పడుకుని వీపు మీద చెయ్యి పెట్టింది. గరగర. ఒకటి, రెండు, ఆగింది. పిల్ల మింగింది. ఊపిరి లోపలికి వెళ్లింది, ఒక క్షణం అక్కడే నిలిచింది, నిలిచింది, బయటికి వచ్చింది. ఆ తర్వాతది సాఫీగా. ఆ తర్వాతది కూడా. భాగ్యవతి తను కూడా కూతురితోపాటే పీల్చి వదులుతోందని అప్పుడు తెలుసుకుంది. దూరంగా బస్సు బొంగురుగా ఒకసారి దగ్గి, ఆగి, మళ్లీ అందుకుని కదిలింది. ఎవరి గుమ్మం ముందునుంచో పోతోంది అది, ఎవరి పిల్ల ముక్కంత ఎత్తునో దాని గొట్టం ఉంది, పాపం. చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. గంటస్తంభం ఆరు కొట్టింది. ఆరో దెబ్బ తర్వాత భాగ్యవతికి ఏం చెయ్యాలో తెలియలేదు. రెండేళ్లుగా ఈ వేళకి వీపు రాస్తూ, నీళ్లు కాస్తూ, విసురుతూ, దేవుళ్లని పిలుస్తూ ఉండేది. చేతులకి పని లేదు. ఊరికే కూర్చుని, పెంకుల సందుల్లోంచి వెలుగు గీతలు గీతలుగా సున్నపు గోడ మీద పడడం చూసింది. సూర్యోదయం ఇంత నెమ్మదిగా అవుతుందని ఇన్నాళ్లూ గమనించలేదు.

బాగా పొద్దెక్కాక నీలవేణి కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది, గోడనీ పైకప్పునీ తల్లినీ. కంగారుగా లేచి కూర్చుంది.

“అమ్మా, బస్సెళ్లిపోయిందా?”

“ఎప్పుడో ఎళ్లిపోయిందే.”

పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించింది. “మరి ఇవాళ నన్ను ఎవరూ లేపలేదేటి?”

రోజూ దాన్ని లేపేది ఆయాసమే. దానికి ఇంకో రకం మెలకువ తెలియదు. భాగ్యవతి పిల్ల నుదుటి మీది జుట్టు పైకి తోసి లేచింది. తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. ఎదటి అరుగు మీద నగరేశ్వరరావు కూర్చుని ఉన్నాడు, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఎప్పుడొచ్చాడో. భార్య ముఖంకేసి చూడడానికి భయపడి నేలకేసి చూస్తున్నాడు.

“లేచింది,” అన్నది భాగ్యవతి. “ఆకలంటాది ఇంక. ఇంటికెళ్లి అన్నం పంపించండి.”

పొట్నూరు భాగ్యవతి, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు శ్రీకాకుళం, బలగలో మా నీలవేణి ఇంట్లో ఉంటున్నాను.